మల్లెకు మందు నీళ్లా... ఉప్పు నీళ్లా?

నల్లా నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తే మొక్కలకు పోయడానికి చెయ్యి రాదు. అదే ఆర్వో మిషన్ పక్క గొట్టంలోంచి కారిపోయే నీళ్లను చూస్తే మాత్రం 'అయ్యో, వృథా అవుతున్నాయే' అని బకెట్ పట్టి గులాబీకి పోసేస్తాం. మొక్కను అడిగితే మాత్రం సరిగ్గా దీనికి ఎదురు చెబుతుంది!

పొద్దున్నే నల్లా వదిలే వేళ. బీర్పూర్‌లో ఓ పెంకుటింటి పెరడు అనుకోండి. కోడలు బకెట్ నింపుకొని మల్లెచెట్టు వైపు నడుస్తుంటే అరుగు మీంచి అత్త గొంతు.

''గా నీళ్లల్ల బిలీచింగు వాసనొస్తుంది. చెట్టుకు పోసేవు, మాడిపోతది. వాటర్ ప్లాంటు కాడ ఇడిసిన నీళ్లున్నయి గదా, గవి తెచ్చి పొయ్యి బిడ్డా.''

అత్త మాటలో అక్కర ఉంది. చెట్టు మీద ప్రేమా ఉంది. కానీ లెక్కే తిరగబడింది. మందు వాసన వచ్చే నీటికన్నా ఏ వాసనా లేని ఆ 'ఇడిసిన నీళ్లే' మల్లెకు ఎక్కువ చేటు. ఎందుకో తెలియాలంటే ఈ ఊరివాళ్లకు బాగా పరిచయమున్న మరో చోటికి... ఎడారి దేశాల ఈత కొలనుల దాకా వెళ్లి రావాలి.

బాయి నుంచి పూల్ దాకా

జగిత్యాల జిల్లాలో గోదావరి వారన ఉండే మండలం బీర్పూర్. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. లక్ష్మీనరసింహస్వామి గుడి, రోళ్లవాగు, వరి మళ్లు, మామిడి తోటలు... ఇవీ ఇక్కడి గుర్తులు. ఇలాంటి ఊళ్లో స్విమ్మింగ్ పూల్ ఊసెందుకు? పిల్లలు ఈత నేర్చేది వ్యవసాయ బావిలోనే కదా. నడుముకు ఎండు సొరకాయ కట్టుకొని దూకితే చాలు.

కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్ వాసన తగలని ఊరు దాదాపు ఉండదు. దుబాయ్, మస్కట్, కువైట్, బహ్రెయిన్... దశాబ్దాలుగా ఇక్కడి మగవాళ్లు అక్కడికి వెళుతూనే ఉన్నారు. భవన నిర్మాణంలో కొందరు, డ్రైవర్లుగా కొందరు, విల్లాల్లో తోటపనికి, పూల్ శుభ్రం చేసే పనికి మరికొందరు. బావిలో ఈత కొట్టిన చేతులే అక్కడ నీలం రంగు నీళ్లలో క్లోరిన్ బిళ్లలు వేస్తాయి. వలకట్టెతో ఆకులు తీస్తాయి. తిరిగొచ్చాక సొంతూళ్లో ఇల్లు కట్టుకుని, ముందు నాలుగు క్రోటన్లు, ఓ బోగన్‌విలియా నాటుకుంటాయి.

ఇప్పుడు పూల్ కూడా మనవైపు నడిచొస్తోంది. హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శామీర్‌పేట లాంటి చోట్ల ఫామ్‌హౌస్‌కి పూల్ ఉండటం మామూలైపోయింది. ఏడాదికోసారి దాన్ని ఖాళీ చేయాల్సి వస్తే? 'అన్ని వేల లీటర్లు మోరీలోకి ఎందుకు, మామిడి చెట్లకు మళ్లిద్దాం' అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అక్కడే ఆగాలి.

పేరు ఒకటే... మనుషులు వేరు

తికమకంతా పేర్ల దగ్గరే ఉంది. క్లోరిన్ వేరు, క్లోరైడ్ వేరు. క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపే మందు. నిలకడ లేని సరుకు. దేన్నో ఒకదాన్ని పట్టుకుని తినేసి, తానూ మాయమైపోతుంది. క్లోరైడ్ అలా కాదు. మన వంటింటి ఉప్పులో సగానికి పైగా బరువు దానిదే. ఎండకు ఆరదు, మట్టిలో విరగదు, ఎక్కడికీ పోదు. క్లోరిన్ తన పని ముగించుకున్నాక మిగిలేది కూడా ఈ క్లోరైడే.

నల్లా నీటిలో క్లోరిన్ ఎంతుంటుంది? మన దేశపు తాగునీటి ప్రమాణాల ప్రకారం వినియోగదారుడి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. 1 మిల్లీగ్రామును పై హద్దుగా పెట్టుకున్నారు. ఊళ్లో బావికో ట్యాంకుకో బ్లీచింగ్ పౌడర్ కలిపేటప్పుడు పాటించే లెక్క వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాములు. ఆ పొడిలో మందుగా పనికొచ్చే క్లోరిన్ మూడో వంతే. అంటే లీటరుకు ఒక మిల్లీగ్రాముకన్నా తక్కువే. ఈత కొలనులో మామూలుగా 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉంచుతారు.

మరి మొక్క ఎంత తట్టుకుంటుంది? అమెరికాలోని కనెక్టికట్ వ్యవసాయ పరిశోధన కేంద్రానికి చెందిన ఫ్రింక్, బగ్బీ అనే ఇద్దరు సరిగ్గా ఇదే ప్రశ్నతో కుండీ మొక్కలకూ, కూరగాయల నారుకూ రకరకాల మోతాదుల్లో క్లోరిన్ నీళ్లు పోసి చూశారు. 1987లో ఫలితాలు వెలువరించారు. జెరేనియం, బిగోనియా లాంటి సుకుమారాలు 2 మిల్లీగ్రాములకే ఎదుగుదలలో వెనకబడ్డాయి. టమాటా, మిరప 8 దాకా ఆగాయి. బంతి మొక్కయితే 37 దాకా లెక్కచేయలేదు! పండగలకు గుమ్మానికి కట్టే బంతికి ఇంత మొండితనం ఉందని ఎవరనుకుంటారు?

నల్లాలో వచ్చే అర మిల్లీగ్రాము ఈ లెక్కలో ఏమూలకు? పైగా ఆ నీళ్లు నేలను తాకిన మరుక్షణం మట్టిలోని చెత్త, ఆకు కుళ్లు, పేడ ఎరువు క్లోరిన్‌ను పీల్చేసుకుంటాయి. పైపొరలో కొన్ని సూక్ష్మజీవులు పోతాయి, నిజమే. కింది పొరల నుంచి అవి తొందరగానే మళ్లీ పుంజుకుంటాయి. వేరు దాకా వెళ్లే క్లోరిన్ దాదాపు ఉండదు. అప్పటికీ మనసొప్పకపోతే బకెట్ నీళ్లను ఎండలో ఒక పూట ఉంచి పోస్తే సరి. సూర్యకాంతికి క్లోరిన్ బద్ద శత్రువు.

అసలు విశేషమేమంటే క్లోరైడ్ కూడా మొక్కకు కొంచెం కావాలి. అది అత్యవసర పోషకమని 1954లో టమాటా మొక్కల మీదే తేల్చారు. కొబ్బరికైతే మరీ ఇష్టం. కొబ్బరి మొదట్లో ఉప్పు వేసే పాత అలవాటు వెనకున్న గుట్టు ఇదే. కానీ మల్లె కొబ్బరి కాదు కదా!

ఆవకాయ చెప్పే పాఠం

ఉప్పు మొక్కను ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వేసవిలో జాడీ మూత తీస్తే చాలు. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి మూడు రోజులు ఉంచితే ఏమవుతుంది? ఊట ఊరుతుంది. ముక్కలోని నీటిని బయటి ఉప్పు లాగేసింది. ముక్క ముడుచుకుంది.

వేరుకు జరిగేదీ అదే. మామూలు మట్టిలో వేరు లోపల లవణాలు ఎక్కువ, బయటి నీటిలో తక్కువ. కాబట్టి నీరు బయటి నుంచి లోపలికి వస్తుంది. బయట ఉప్పు పెరిగేకొద్దీ ఆ ప్రవాహం మందగిస్తుంది. కుండీలో తడి ఉంటుంది, వేలు పెడితే తెలుస్తుంది, అయినా మొక్క దప్పికతో వాడిపోతుంది. 'నీళ్లు చాల్లేదేమో' అని ఇంటావిడ ఇంకో చెంబు పోస్తుంది... అదే ఉప్పు నీళ్లు!

రెండో దెబ్బ ఆకుల మీద. నీటితోపాటు లోపలికి వెళ్లిన సోడియం, క్లోరైడ్ ఆకు కొసల దగ్గర పోగుపడతాయి. నీరు ఆవిరైపోతుంది, అవి మిగులుతాయి. ముందు ముదురాకుల కొసలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. తర్వాత అంచులు. ఆపైన ఆకు రాలుతుంది. పురుగు కొట్టిందేమోనని మందు చల్లుతాం. పురుగు ఉంటే కదా చావడానికి.

మూడోది మట్టికే తగిలే దెబ్బ. సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి, గుల్లగా ఉండాల్సిన నేల మూసుకుపోతుంది. తడిస్తే బురద, ఎండితే రాయి. నీరు దిగదు, గాలి ఆడదు. నల్లరేగడిలో ఇది మరీ త్వరగా కనిపిస్తుంది.

పూల్ నీటిలో ఉప్పెంత? ఈమధ్య చాలామంది 'సాల్ట్ వాటర్ పూల్' పెట్టించుకుంటున్నారు. అందులో క్లోరిన్ ఉండదనుకోవడం ఓ అపోహ. నీటిలో ఉప్పు వేసి, దాంట్లోంచి కరెంటు పంపి అక్కడికక్కడే క్లోరిన్ తయారుచేసుకోవడమే ఆ ఏర్పాటు. కళ్లు మండటం తక్కువ, బిళ్లల ఖర్చు లేదు. కానీ లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పు ఉంటుంది. సముద్రపు నీటిలో 35 గ్రాములు. దాంతో పోలిస్తే తక్కువే, నాలుక మీద కూడా పెద్దగా తెలియదు. కానీ మొక్క నాలుక వేరు.

లెక్క కట్టి చూడండి. పది లీటర్ల బకెట్లో 30 గ్రాముల ఉప్పు. రోజుకో బకెట్ చొప్పున నెలరోజులు ఒకే గులాబీకి పోస్తే దాని మొదట్లో 900 గ్రాములు... దాదాపు కిలో ప్యాకెట్ గుమ్మరించినట్టు! ఇక ఫామ్‌హౌస్ పూల్ సంగతి. 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు ఉన్న చిన్న కొలనులో పట్టేది సుమారు 34 వేల లీటర్లు. అందులో ఉప్పు వంద కిలోలు. రెండు బస్తాల ఉప్పు తెచ్చి తోటలో చల్లమంటే ఏ రైతైనా కొడతాడు. నీళ్ల రూపంలో అయితే మాత్రం పైపు మనమే పట్టుకుంటాం. జగిత్యాల అంటేనే మామిడి. ఆ మామిడి ఉప్పును ఏమాత్రం ఓర్చుకోని చెట్లలో ఒకటి.

ఇడిసిన నీళ్ల కథ

ఇప్పుడు మళ్లీ బీర్పూర్ పెరట్లోకి. ఇక్కడ పూల్ లేకపోవచ్చు. కానీ ఆర్వో ప్లాంట్లు లేని ఊళ్లు తక్కువ. ఇరవై లీటర్ల డబ్బా తెచ్చుకోని ఇల్లూ తక్కువే. ఆర్వో యంత్రం ఉప్పును మాయం చేయదు, పక్కకు తోస్తుంది. అంతే. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న బోరు నీటిని రెండు లీటర్లు పోశామనుకుందాం. ఒక లీటరు మంచినీళ్లుగా వస్తే, వాటిలో 50 మిల్లీగ్రాములే ఉంటాయి. మిగిలినదంతా రెండో లీటరులోకి చేరుతుంది. అంటే 1550 మిల్లీగ్రాములు. బోరు నీటికి దాదాపు రెండింతలు చిక్కన. ఈ నీటికి వాసన లేదు, రంగు లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటికి ఓ కొలత పెట్టింది. లీటరుకు 450 మిల్లీగ్రాముల లవణాల వరకు దిగుల్లేదు. 450 నుంచి 2000 దాకా జాగ్రత్త పడాలి. 2000 దాటితే గట్టి కట్టుబాట్లు తప్పవు. ఇందులోనూ పంటను బట్టి తేడాలున్నాయి. చిక్కుడు జాతి, క్యారెట్, ఉల్లి చాలా సున్నితం. మిరప కాస్త నయం, టమాటా ఇంకాస్త. పత్తి, బార్లీ గట్టి పిండాలు. ఖర్జూరం సరేసరి. పెరటి పూలల్లో గన్నేరుకు ఓర్పెక్కువ, బోగన్‌విలియా కూడా ఫర్వాలేదు. గులాబీకి అస్సలు పడదు.

ఇక అత్త అనుమానించిన నల్లా నీళ్లు? మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించారు. బోర్ల మీద ఆధారపడకుండా నదులు, జలాశయాల నీటిని శుద్ధిచేసి ఇళ్లకు పంపే పథకం ఇది. నది నీటిలో లవణాలు సాధారణంగా బోరు నీటికన్నా తక్కువ. కాబట్టి మందు వాసన వచ్చినా ఆ నీళ్లే మల్లెకు మేలు.

ఎడారిలో తోటమాలి కిటుకు

ఉప్పు నీళ్లతోనే తోటలు పెంచే చోటు ఉంది. అక్కడే మన జగిత్యాల, కోరుట్ల వాళ్లు పని చేస్తున్నారు. గల్ఫ్‌లో భూగర్భ జలాల్లో చాలాభాగం ఉప్పన. కువైట్ లాంటి దేశానికి తాగునీరంటే ప్రధానంగా సముద్రపు నీటిని మంచినీరుగా మార్చినదే. అంత ఖరీదైన నీటిని చెట్లకు పోయలేరు. దుబాయ్ రోడ్ల పక్క పచ్చదనానికి శుద్ధిచేసిన మురుగునీరు వాడతారు. ఉప్పు నేలల్లో ఏం పండించొచ్చో తేల్చడానికే 1999లో దుబాయ్‌లో ఒక అంతర్జాతీయ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పారు.

అక్కడి తోటల్లో చెట్ల ఎంపిక చూడండి. ఖర్జూరం, గన్నేరు, బోగన్‌విలియా, మన పట్టణాల డివైడర్ల మీదా కనిపించే కోనోకార్పస్. అన్నీ ఉప్పుకు తలవంచనివే. ఇంకో కిటుకు నీళ్లు పెట్టే తీరులో ఉంది. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే పైన పోగైన ఉప్పు అక్కడే ఉంటుంది. అప్పుడప్పుడూ అవసరానికి మించి నిండుగా పారిస్తే ఆ ఉప్పు వేళ్లను దాటి కిందికి జారిపోతుంది. అయితే కిందికి పోయే దారి ఉండాలి. ఇసుక నేల కాబట్టి అక్కడ చెల్లుతుంది. అడుగున చిల్లు లేని ప్లాస్టిక్ డబ్బాలో పెంచే మన తులసికి ఆ అదృష్టం లేదు.

మన రైతులకు ఇది కొత్త విద్య కాదు. పేరు వేరు, అంతే... చౌడు. కాలువ నీళ్లొచ్చి, మురుగు పోయే దారి లేనిచోట నీటిమట్టం పైకి లేస్తుంది, దాంతోపాటు ఉప్పూ పైకి వస్తుంది. తెల్లగా పూత పూసేది పాలచౌడు. దాన్ని మంచినీటితో కడిగి మురుగు తీసేస్తే దారికొస్తుంది. సోడియం పట్టి నల్లగా బిగుసుకునేది కారుచౌడు. అది కడిగితే పోదు, ముందు జిప్సమ్ వేయాలి. జిప్సమ్‌లోని కాల్షియం మట్టి రేణువులను పట్టుకుని సోడియంను బయటికి నెడుతుంది, ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. జీలుగ విత్తి కలియదున్నడం కూడా అందుకే. ఒకప్పుడు చాకలివాళ్లు ఇదే చౌడు మట్టిని ఏరి తెచ్చి బట్టలు ఉడకబెట్టేవారు. నేలకు పట్టిన పీడ బట్టలకు సబ్బయింది!

కోస్తాలో ఉప్పునీటి గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి ఊరుతోందన్న ఫిర్యాదుల మీద 1996 డిసెంబరు 11న కోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. తర్వాత 2005లో కోస్తా ఆక్వా సాగును క్రమబద్ధం చేస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో మరో విచిత్రం. అడుగున ఉప్పునీరు, దాని మీద పలచటి పొరగా వాననీరు తేలుతుంటుంది. రైతులు లోతు లేని దొరువులు తవ్వి ఆ పైపొరనే తోడుకుంటారు. ఆశపడి లోతుగా లాగితే ఉప్పు తగులుతుంది.

మరి ఏం చేయాలి?

ఉప్పు వేయని మామూలు పూల్ అయితే నీళ్లు తోటకు పనికొస్తాయి, కొంచెం ఓపిక పడితే. మందు వేయడం ఆపి, కొలనును మూయకుండా కొన్ని రోజులు ఎండకు వదిలేయాలి. కొందరు ఎండకు క్లోరిన్ పోకుండా సయనూరిక్ ఆమ్లం కలుపుతారు. అప్పుడు ఇంకా ఆలస్యమవుతుంది. పోయిందో లేదో పంచాయతీ సిబ్బంది వాడే క్లోరోస్కోప్ లాంటి చిన్న పరికరంతో చూడొచ్చు. చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరగకూడదు. ఆ నీళ్లనైనా ఒకే చెట్టు మొదట్లో గుమ్మరించకుండా తోటంతా పారించాలి. ఆకుల మీద చల్లకూడదు. నాచు పోవడానికి మైలుతుత్తం వేసి ఉంటే మాత్రం కూరమడులకు వద్దు. రాగి మట్టిలోనే ఉండిపోతుంది. క్లోరిన్ పోకముందే చెరువులోకో వాగులోకో వదిలితే చేపలు తేలతాయి.

సాల్ట్ పూల్ నీళ్లు మొక్కలకు వద్దేవద్దు. ఎండలో ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ ఉప్పు పోదు. పైగా నీరు ఆవిరయ్యేకొద్దీ మరింత చిక్కబడుతుంది.

ఆర్వో వదిలే నీళ్లు పారబోయాల్సిన పని లేదు. ఇల్లు తుడవడానికి, బండి కడగడానికి, మరుగుదొడ్డికి భేషుగ్గా సరిపోతాయి. మొక్కలకే పోయాలనుకుంటే పెన్నులా ఉండే టీడీఎస్ మీటర్‌తో ముందు చూసుకోవాలి. వెయ్యి దాటితే ఒక వంతుకు మూడు వంతుల మంచినీళ్లు కలిపి, అదీ గన్నేరు లాంటి వాటికి. ఇప్పటికే కుండీ అంచుల్లో తెల్లటి పెచ్చు కట్టి ఉంటే, పైన అంగుళం మట్టి గీసి తీసేయాలి. అడుగు చిల్లు తెరుచుకుని ఉందో లేదో చూసి, కుండీలో పట్టేదానికి రెండింతల మంచినీళ్లు నెమ్మదిగా పోయాలి. చిల్లులోంచి కారిన నీళ్లను కింద పళ్లెంలో నిలవనివ్వకూడదు. వారానికోసారి అలా రెండు మూడు తడులు పెడితే కొత్త చిగురు కొసలు పచ్చగానే వస్తాయి. ఎండిన పాత ఆకులు మాత్రం మళ్లీ కోలుకోవు, తుంచేయడమే.

పెరట్లో మల్లె ఇంకా నిలబడే ఉంటే దానికి అందరికన్నా పెద్ద వైద్యుడు మృగశిర కార్తెలో వస్తాడు. వాననీటిలో ఉప్పు లేనట్టే లెక్క. తొలకరి పడిన రోజు కుండీలన్నీ చూరు కిందికి జరిపి, పెంకుల మీది దుమ్ము కడిగిన మొదటి ధార పోయాక కారే నీళ్లు నేరుగా పడేలా పెడితే చాలు... ఎండాకాలమంతా పేరుకున్న ఉప్పు ఆ వారంలోనే దిగిపోతుంది.